ఘంటసాలవారి కొత్త రికార్డు

మొన్న సంక్రాంతికి మా మనవడు నందిగామ వచ్చాడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పండగ మూడు రోజులూ చెవుల్లో ఆ తెల్లబిళ్లలు పెట్టుకునే తిరిగాడు. అరిసెలు చేతికిచ్చినా అవి తియ్యలేదు. కనుమనాడు మాత్రం వాటిని తీసి బల్లమీద పడేసి, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమిట్రా, పరీక్ష గానీ పోయిందా?" అన్నాను.

"పరీక్ష కాదమ్మమ్మా. మా బ్యాండు కొత్త ఆల్బం వచ్చింది."

వాడి బ్యాండంటే ఇంగ్లీషు రాక్ పాటలవాళ్లు, నలుగురు. ఎనిమిదో క్లాసు నుంచీ వాళ్ల పాటలే వింటున్నాడు. ఇన్నాళ్లకు కొత్త ఆల్బం వచ్చిందట. అర్ధరాత్రి విడుదలైతే మేలుకొని మరీ విన్నాడట. తీరా వింటే డ్రమ్ముల మోత లేదు, గిటారు హోరు లేదు. పాడే ఆయన గొంతు బరువుగా, నెమ్మదిగా ఉందట.

"ఇది వాళ్లు కాదమ్మమ్మా. వాళ్లెప్పుడూ ఇలా పాడలేదు" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. అచ్చంగా ఆ మాటే నేనూ ఒకప్పుడు అన్నాను. ఇదే ఇంట్లో. 1974లో. ఘంటసాలవారి గురించి.

ఏ రికార్డని అడిగితే భగవద్గీత అని చెప్పాను. వాడు ఫోనులో వెతికి, ఓ చిన్న స్పీకరు డబ్బా తెచ్చి పెట్టాడు. డబ్బా చిన్నదే గానీ గొంతు పెద్దది. వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. రెండు శ్లోకాలయ్యాయో లేదో మా గేటు దబ్బున తెరుచుకుంది. ఎదురింటి వదినగారు! చేతులకు శనగపిండి, కాళ్లకు చెప్పులు లేవు.

"వదినగారూ, అన్నయ్యగారికి..." అని ఆగిపోయింది. ఆ పైన మాట రాలేదు.

వసారాలో పడక్కుర్చీలో ఉన్న మా వారు పేపరు కిందకి దించి, "నేనింకా ఇక్కడే ఉన్నానమ్మా. లోపలికి రా, కాఫీ తాగి వెళ్దువుగాని" అన్నారు.

అందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. వదినగారు కూడా నవ్వింది. కానీ పొంగిన కళ్లు తుడుచుకుంటూ, "ఇంట్లో ఉత్తిపుణ్యానికి అది పెట్టకండి వదినగారూ, గుండె ఆగినంత పనైంది" అని వెళ్లిపోయింది. కాఫీ తాగలేదు.

మావాడు నావంక తెల్లబోయి చూశాడు. "అదేమిటమ్మమ్మా? దేవుడి పాటేగా! ఆవిడ ఎందుకంత భయపడింది?"

వాడికి జవాబు చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. మీకు కూడా చెబుతాను.

నేను పుట్టింది జగ్గయ్యపేటలో. మా మేనమామగారింట్లో గ్రామఫోను పెట్టె ఉండేది. కీ ఇచ్చి, ముల్లు మార్చి, కుక్కబొమ్మ ప్లేటు పెడితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు అరుగుమీద చేరేవారు. ఆ ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. పాటగాడు ఏం చెప్పదలుచుకున్నా ఆ మూడు నిమిషాల్లో చెప్పెయ్యాలి. ఘంటసాలవారు చెప్పేవారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం ఆయన గొంతులో విన్న మర్నాడు, మా అమ్మ పూలసజ్జ పట్టుకుని నందివర్ధనం చెట్టుదాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. ఆ పూట మా దేవుడికి అక్షింతలతోనే సరి.

తరవాత రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేనాటికి ఆ పెట్టె మా ఇంట్లోకీ వచ్చింది. ఇక పెనుగంచిప్రోలు తిరునాళ్లకు వెళితే చెవులకు పండగే. మునేటి ఇసకలో నడుస్తూ ఉంటే ఒక మైకులో పాతాళభైరవి, ఇంకో మైకులో మాయాబజారు. అమ్మవారి దర్శనానికి వరసలో నిలబడి నేను మొక్కుకున్నదేమిటో చెబితే నవ్వుతారు. వరస ముందుకు కదిలేలోగా ఆ పాట చరణం పూర్తవ్వాలని!

మగపిల్లలు నచ్చిన సినిమా నాలుగు సార్లు చూసి వచ్చేవారు. మమ్మల్ని ఒక్కసారి తీసుకెళితే గొప్ప. అంచేత పాటలే మా సొత్తు. నా తోటి ఆడపిల్లలం ఆయన గొంతును ఎంతగా వినేవాళ్లమంటే, దేవదాసు (1953)లోని గొంతుకీ, జగదేకవీరుని కథ (1961)లో శివశంకరి పాడిన గొంతుకీ తేడా మీద పోట్లాడుకునేవాళ్లం. లవకుశ (1963)లో పద్యం ఎత్తుకోవడంలో ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నారో కనిపెట్టాలని పందేలు కాసేవాళ్లం. నేను ఒక్కసారీ గెలవలేదు.

1972లో పెళ్లయి నందిగామ వచ్చాను. మా అత్తవారిది నిష్ఠగల ఇల్లు. సినిమా పాట కూనిరాగం తీస్తే మా అత్తగారు వంటింట్లోంచి దగ్గేవారు. అది జలుబు దగ్గు కాదని నాకు వారం రోజుల్లో తెలిసింది. మా వారు హైస్కూల్లో తెలుగు పంతులు. ఆయనకు పద్యాలిష్టం. పద్యమంటే ఘంటసాలే గనక, ఆ సందుగుండా నేను మాత్రం బతికిపోయాను.

1974 ఫిబ్రవరి 11, సోమవారం. మద్రాసు ఆస్పత్రిలో ఘంటసాలవారు పోయారు. రేడియోలో వార్త విన్నప్పుడు చేతిలో బియ్యం చేట ఉంది. ఆయనకు యాభై రెండు కూడా నిండలేదు. దగ్గరివాళ్లు పోయినట్టే ఏడుపొచ్చింది. కానీ పరాయి మగవాడి కోసం, అందులోనూ సినిమా పాటగాడి కోసం, కొత్తకోడలు ఏడిస్తే ఏం బావుంటుంది? పొయ్యి దగ్గర కూర్చుని పచ్చికట్టెల పొగమీద నెపం పెట్టాను. మా అత్తగారు ఓసారి చూసి, ఏమీ అనకుండా, ఆ పూట కూర ఆవిడే తరిగారు.

ఆ తరవాత కొన్నాళ్లకు మా వారు బెజవాడ వెళ్లి, సాయంత్రం బస్సుకు చంకలో చదరపు అట్టపెట్టెతో దిగారు. ఘంటసాలవారి భగవద్గీత. లాంగ్‌ప్లే రికార్డు. "ఆయన ఆఖరి కోరికట" అన్నారు.

కొన్నారు సరే, వినేదెలా? మా వీధిలో రేడియోలు బాగుచేసే అతని దగ్గర కరెంటు ప్లేయరు ఒకటుంది. ఆదివారం పొద్దున బతిమాలి తెచ్చారు. హాల్లో పీటమీద ఎర్రగుడ్డ పరిచి, దానిమీద పెట్టారు. నా సంబరం చూడాలి! తలంటి పోసుకుని, పట్టుచీర కట్టుకున్నాను. పోయిన మనిషి నాకోసం ఇంకొక్కసారి తిరిగి వచ్చి పాడబోతున్నాడు.

ముల్లు ప్లేటుమీద పడింది. విన్నాను. ఎదురుచూశాను. ఇంకా విన్నాను.

శ్లోకం, దాని వెనకనే తెలుగులో తాత్పర్యం. మళ్లీ శ్లోకం, మళ్లీ తాత్పర్యం. పాట ఎక్కడ? నేను పందేలు కాసిన ఆ సంగతులెక్కడ? పైస్థాయికి ఎగిరి గుండె లాగేసే ఆ విసురెక్కడ? రాగాలు మారుతున్నాయి గానీ ఏ రాగంలోనూ ఆయన ఆగి ఆడుకోవడం లేదు. గొంతు కిందకి దిగి, పెద్దవాళ్లు పక్కన కూర్చుని మాట చెప్పినట్టుంది. ఒక వైపు అయిపోయేసరికి నేను లేచి, "ఇది ఘంటసాల కాదండీ. మాటలు చెప్పడానికి ఆయనే కావాలా?" అని వంటింట్లోకి వెళ్లిపోయాను. పట్టుచీర విప్పి మడతపెట్టాను.

అప్పుడు జరిగింది విచిత్రం. హాల్లోంచి మా అత్తగారి గొంతు. "ఒరే అబ్బాయ్, ఆ ప్లేటు తిరగేసి పెట్టు."

మా అత్తగారికి చదువు రాదు. మా ఇంట్లో గీత ఉండేది, పసుపుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో. మామగారు చదివేవారు. ఆవిడ దానికి బొట్టు పెట్టేది. నలభై ఏళ్లు బొట్టు పెట్టిన పుస్తకంలో ఏముందో ఆ ఆదివారం ఆవిడ మొదటిసారి విన్నది. తెలుగులో. విడమరిచి. దేన్ని సినిమా గొంతని దగ్గేదో ఆ గొంతులోనే!

అది మొదలు ప్రతి ఏకాదశికీ ప్లేయరు తెప్పించడం, ఆవిడ గోడకానుకుని కూర్చోవడం. విని విని ఓరోజు నాతో అంది: "అర్జునుడు ఏడుస్తుంటే కృష్ణుడు ఏడవొద్దని ఊరుకోలేదమ్మాయ్. లేచి పని చూడమన్నాడు. నేనిన్నాళ్లూ అదేదో సన్యాసుల పుస్తకం అనుకున్నాను."

నేను ఊ కొట్టాను. నాకు మాత్రం ఆ రికార్డుమీద అలక తీరలేదు. అభిమానుల సంగతి మీకు తెలుసుగా! మనకు నచ్చింది ఒక్కసారి ఇచ్చిన పాపానికి, జన్మంతా అదే ఇస్తూ ఉండాలంటాం. మనం పెరగొచ్చు, మన జుట్టు నెరవొచ్చు, వాళ్ల గొంతు మాత్రం మన పదిహేనో ఏటనే నిలిచిపోవాలి.

ఆయన కథ చదివాక గాని నాకు ఆ అలక తీరలేదు.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు మన ఉమ్మడి కృష్ణా జిల్లావారే. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు, నారాయణతీర్థులవారి తరంగాలు పాడేవారు. తరంగాలంటే కృష్ణుడి కథే. పసివాణ్ణి భుజాన వేసుకుని భజనలకు తీసుకెళ్లేవారట. తండ్రి పాడుతుంటే పిల్లవాడు అడుగులు వేసేవాడు. అందరూ బాలభరతుడని ముద్దుగా పిలిచేవారు. చిన్నతనంలోనే ఆ తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో పిల్లవాడు విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు దగ్గరకు తీసి చదువు చెప్పారు. తిండికి మాత్రం మధుకరం. జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్న అన్నం. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లే లేకపోతే మనకు ఘంటసాల ఉండేవాడు కాదు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

1942 ఉద్యమంలో జైలుకెళ్లి, బళ్లారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నారు. 1944లో పెళ్లి. మద్రాసు చేరి, 1945లో స్వర్గసీమలో భానుమతిగారితో గొంతు కలిపారు. 1949లో ఎన్టీ రామారావుగారు మొదటిసారి తెరమీద కనబడ్డ మనదేశానికి సంగీతం ఈయనదే. ఆ తరవాత పాతికేళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేశారు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి, చాలారోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. లేచాక సినిమాలకు పాడుతూనే, 1973లో భక్త తుకారాంకు కూడా పాడుతూనే, గీత మీద మనసు పెట్టారు. ఏడు వందల శ్లోకాల్లోంచి వందకు పైగా ఏరి, స్వరాలు కూర్చి, శ్లోకం పాడారు, తాత్పర్యం చెప్పారు.

ఇదంతా తెలిశాక మళ్లీ విన్నాను. అప్పుడు కదా అర్థమైంది! తండ్రి భుజంమీద కృష్ణుడి పాటకు అడుగులు వేసిన పిల్లవాడు, పెద్దవాడై, గుండె దెబ్బతిని, కృష్ణుడి మాట చెప్పడానికి కూర్చున్నాడు. నేనేమో శివశంకరి ఏదీ అని అడిగాను. సంగతులు వెయ్యడం రాక కాదు. వేస్తే మన చెవి సంగతిమీదకి పోతుంది, మాట చెవిన పడదు. అందుకని ముప్పై ఏళ్లు సంపాదించిన విద్యను పక్కన పెట్టి, మాట నిలబెట్టాడు. ఎదురుగా చదువురాని మా అత్తగారు కూర్చున్నట్టు పాడాడు.

మూడు నిమిషాల ప్లేటులో అది సాధ్యమయ్యేది కాదు. 1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వచ్చాక, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. దానివల్ల పాట ఒక్కటే కాక, పారాయణ కూడా ప్లేటులోకి వచ్చింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం అలా వచ్చిందే. మరి ఆ రికార్డు తెల్లవారుజామున మన ఇళ్లలో దీపం వెలిగించింది. ఘంటసాలవారి గీతకేమో ఇంకో రాత పడింది.

1980 దాటాక క్యాసెట్లు వచ్చాయి. టూ ఇన్ వన్‌లు ఊరూరా చేరాయి. రికార్డు ప్లేయరు బతిమాలి తెచ్చుకోవాల్సిన పనిలేదు. మైకుసెట్టువాళ్లు కూడా క్యాసెట్లే వాడసాగారు. మా మెట్ట ఊళ్లలో పూర్వం ఎవరైనా పోతే భజనవాళ్లు వచ్చి తత్వాలు పాడేవారు. వాళ్లు తగ్గిపోయారు. ఆ ఖాళీలోకి ఈ క్యాసెట్టు వచ్చి కూర్చుంది. పుట్టినవాడికి చావు తప్పదని కృష్ణుడు చెప్పాడు కదా, సందర్భం కుదిరిందనుకున్నారు. పాపం, ఎవరి తప్పూ లేదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఓదార్పుగా ఉంటుందనే పెట్టారు. పెట్టగా పెట్టగా, ఆ గొంతు వినబడితే చాలు, ఎవరింట్లోనని అడగడం అలవాటైంది. వీధి మొదట్లో షామియానా, వరసగా కుర్చీలు, స్తంభానికి మైకు, మైకులో ఘంటసాల. స్వర్గపురి బండి కదిలితే బండితోపాటు ఆ పాట. పెళ్లింట్లో మాయాబజారు పాడిన గొంతే, చావింటికి గుర్తయింది.

1986లో మా అత్తగారు పోయారు. ఎవరు చెప్పారో, ఎవరు పిలిచారో, తెల్లారేసరికి మైకు కట్టారు. గోడకానుకుని ఏకాదశి ఏకాదశికీ ఆవిడ విన్న ఆ గీత, ఆ రోజు ఊరందరికీ వినబడింది. ఆవిడకు తప్ప. దింపుడు కళ్లం దాటేదాకా నా చెవుల్లో అదే. ఇక ఆ తరవాత నేను దాన్ని ఇంట్లో పెట్టలేదు. అట్టపెట్టె అటకెక్కింది. నా అభిమాన గాయకుడు ఏరికోరి ఇచ్చి వెళ్లిన చివరి కానుకను మొదట పన్నెండేళ్లు సగం అలకతో విన్నాను, ఆపైన అసలు వినకుండానే ఉండిపోయాను.

ఇదంతా విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత వాడి కథ ఒకటి చెప్పాడు. డేవిడ్ బౌవీ అని ఇంగ్లండులో పెద్ద రాక్ గాయకుడట. 2016 జనవరి 8న, తన 69వ పుట్టినరోజునాడు, కొత్త ఆల్బం విడుదల చేశాడట. 10వ తేదీన పోయాడట. జబ్బు సంగతి లోకానికి చెప్పలేదు. ముందు విన్నప్పుడు ఒకలా విన్న అభిమానులకు, రెండు రోజులయ్యేసరికి అవే పాటలు ఇంకోలా వినబడ్డాయట.

"మరి మీ వాళ్లది ఇంకో నాలుగుసార్లు విని చూడు" అన్నాను.

"నువ్వు యాభై ఏళ్లు తీసుకున్నావుగా, నాకూ టైమివ్వు" అన్నాడు వెధవ!

ఆ మర్నాడు పొద్దున, మజ్జిగ తోడుకని గిన్నె పట్టుకుని వదినగారు వచ్చింది. తోడు తీసుకుని కూడా వెళ్లలేదు. గడపలో నిలబడి మావాణ్ణి అడిగింది, "నాయనా, నిన్న పెట్టావే, అది కాస్త చిన్నగా పెడతావా?"

పెట్టాడు. ఆవిడ గోడకానుకుని కూర్చుంది. సరిగ్గా మా అత్తగారు కూర్చునే చోటే. తాత్పర్యం వచ్చినప్పుడల్లా తలొంచుకుని వింటోంది. ఒకచోట ఆపమంది. "ఈ మాట మళ్లీ పెట్టు" అంది. బట్ట పాతదైతే మార్చుకున్నట్టే ఆత్మ కూడా ఒళ్లు మార్చుకుంటుందని చెప్పే చోటది.

"మీ అన్నయ్య పోయిన రోజున పొద్దుటినుంచీ సాయంత్రందాకా ఇదే మోగింది వదినగారూ" అంది మెల్లిగా. "ఒక్క ముక్క కూడా నా చెవిన పడలేదు. ఇందులో ఇంత ఉందని ఇవాళ తెలిసింది."

నేనేమీ అనలేదు. కాఫీ కలిపి తెచ్చాను. ఈసారి తాగింది.

పండగ సెలవులైపోయి మావాడు వెళ్లిపోయాడు. వెళ్లేముందు వదినగారి ఫోనులో ఆ గీత ఎక్కించి, ఎలా పెట్టుకోవాలో నేర్పి వెళ్లాడట. నాకా సంగతి తెలియదు. మర్నాడు తెల్లవారుజామున ముగ్గుగిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చానో లేదో, ఎదురింట్లోంచి ఘంటసాలవారి గొంతు! నా గుండె గుభేలుమంది. గిన్నె అక్కడే పారేసి, చెప్పులైనా వేసుకోకుండా గేటు తీసి, రోడ్డు సగందాకా పరుగెత్తాను.

అక్కడ నుంచి చూస్తే వదినగారు వాళ్ల వాకిట్లో నిక్షేపంగా కళ్లాపి చల్లుతోంది.